చేర్చడం లేదు, చేరుతున్నాను

పోయిన నెల అనంతపురం రామనగర్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. పంక్తిలో నా పక్కన కూర్చున్నామె ఓళిగ మీద నెయ్యి వేయించుకుంటూ, "టీచరమ్మా, మిమ్మల్ని బెంగళూరు దగ్గర ఏదో వృద్ధాశ్రమంలో చేరుస్తున్నారట, నిజమేనా?" అని అడిగింది. గొంతులో ఉన్నది నిజమైన జాలే. "చేర్చడం లేదమ్మా, నేనే చేరుతున్నాను" అన్నాను. ఆమె తల ఊపింది. తరువాత చేతులు కడుక్కునే చోట ఆమే మరొకరితో, "పాపం, ఇద్దరు పిల్లలుండి కూడా టీచరమ్మను హోంలో చేరుస్తున్నారు" అనడం విన్నాను.

నేను చెప్పింది ఆమెకు వినబడకపోవడం కాదు. అరవై తొమ్మిదేళ్ళ ఆడమనిషి విషయంలో 'చేరడం' అనే మాట పొసగుతుందని ఆమెకు తోచలేదు, అంతే.

జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో ముప్ఫై ఒక్క సంవత్సరాలు తెలుగు చెప్పి 2016లో పదవీ విరమణ చేశాను. ప్రేరణార్థకాల పాఠం వచ్చినప్పుడల్లా నల్లబల్ల మీద ఇవే జంటలు రాసేదాన్ని: మారు, మార్చు. తీరు, తీర్చు. చేరు, చేర్చు. "సీత బడిలో చేరింది అన్నప్పుడు సీత కర్త. సీతను బడిలో చేర్చారు అన్నప్పుడు సీత కర్మ అయిపోయింది, కర్త ఇంకెవరో" అని చెప్పేదాన్ని. పిల్లలు రాసుకునేవారు. ఆ కర్మ అన్న మాటను ఈ వయసులో ఇంత దగ్గరగా చూడవలసి వస్తుందని అప్పుడు అనుకోలేదు.

ఈ ఆరు నెలల్లో అందరికీ విడివిడిగా జవాబు చెప్పి అలసిపోయాను కనుక ఒకసారి మొత్తం రాసిపెడదామని కూర్చున్నాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పెద్దవయసులో ఇల్లు మారవలసిన రోజు చాలామందికి వస్తుంది. అది మన నోటితో, మన కాళ్ళతో జరిగే పనిగా ఉన్నప్పుడే చేసుకోవాలి. "ఇంకా ఓపిక ఉంది కదా, అప్పుడే ఎందుకు?" అని అందరూ అడుగుతున్నారు. ఓపిక ఉంది కనుకనే ఇప్పుడు.

తాళం వేసిన ఇల్లు

మా బడిలో లెక్కలు చెప్పిన ఒక స్నేహితురాలు ఉంది. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఇద్దరం రోజూ సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ మైదానంలో నడిచేవాళ్ళం. భర్త పోయాక సాయినగర్‌లో తన ఇంట్లో ఒంటరిగానే ఉండేది. ఈ విషయం ఎప్పుడు వచ్చినా ఆమెది ఒకే మాట: "ఓపిక ఉన్నన్నాళ్ళు ఇక్కడే. తరువాతి సంగతి తరువాత."

రెండేళ్ళ కిందట ఒక రాత్రి స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఫోను మంచం మీద ఉంది. తెల్లవారి పాలవాడు తాను వేసిన ప్యాకెట్టు ఎంతసేపైనా గేటు దగ్గరే ఉండటం చూసి పక్కింటివాళ్ళను పిలిచాడు. బెంగళూరులో ఉన్న కొడుకు మధ్యాహ్నానికల్లా వచ్చాడు, అక్కడికే తీసుకుపోయి ఆపరేషను చేయించాడు. పన్నెండో రోజున ఆసుపత్రి వాళ్ళు ఇంటికి తీసుకువెళ్ళమన్నారు. కొడుకు ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. నర్సులుండే ఒక వసతిని రెండు రోజుల్లో ఫోన్ల మీద వెతికి, అంబులెన్సులో నేరుగా అక్కడ చేర్చారు. ఆ గదిని ఆమె మొదటిసారి చూసింది స్ట్రెచరు మీద నుంచి.

బ్యాంకు పుస్తకాలు, పింఛను కాగితాలు, కొన్ని చీరలు పంపమని అతను నాకు ఫోను చేశాడు. వాళ్ళ పక్కింటి నుంచి తాళంచెవి తీసుకుని వెళ్ళాను. దండెం మీద బట్టలు ఎండకు బిరుసెక్కి అట్టల్లా ఉన్నాయి. మిద్దె మీది గదిలో పాత పేపర్ల మీద చింతపండు ఆరబోసి ఉంది, సగం గింజ తీసినది ఒకవైపు, తీయనిది ఒకవైపు, మధ్యలో కత్తిపీట. టీవీ మీద కళ్ళజోడు. బీరువా తెరిచి ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. ఏ చీర ఆమెకు ఇష్టమో నాకు తెలుసు. ఆ గదిలో ఏ చీర కట్టుకోనిస్తారో, అసలు చీర కట్టుకోగలదో లేదో తెలియదు. చివరికి ఆరు నూలు చీరలు, రెండు నైటీలు పెట్టాను. రాత్రి ఫోనులో ఆమె అడిగినది చీరల గురించి కాదు. "దేవుడి గూట్లో మా అమ్మ ఇచ్చిన దీపపు కుంది ఉంది, అది పెట్టావా?" అంది. నేను పెట్టలేదు.

ఆ కొడుకును నేను ఒక్క మాట కూడా అనను. ఆ పన్నెండు రోజుల్లో ఆ స్థితిలో ఉన్న మంచి కొడుకు ఎవరైనా అదే చేస్తాడు. నేను చెప్పేది ఆ పన్నెండు రోజుల గురించి కాదు, దానికి ముందు ఆమె చేతిలో ఉండి చేజారిన పదేళ్ళ గురించి. ఆ పదేళ్ళలో ఒక్క ఆదివారం ఆమె బస్సెక్కి వెళ్ళి ఆ వసతుల్లాంటివి నాలుగు చూసి ఉంటే, "ఇది వద్దు, ఇది ఫర్వాలేదు" అని ఒక కాగితం మీద రాసి కొడుక్కు ఇచ్చి ఉంటే చాలు. కుంది తనే సంచిలో పెట్టుకునేది.

ఆమె ఇల్లు ఇప్పటికీ తాళం వేసే ఉంది. ఆ వీధిలో నుంచి పోవడం మానేశాను.

మా అత్తగారి ట్రంకు పెట్టె

"మన కాలంలో ఇలాంటివి ఉండేవా? పెద్దవాళ్ళు కొడుకుల దగ్గర దర్జాగా ఉండేవారు" అని నాతో అన్నవాళ్ళు పదిమందైనా ఉంటారు. వాళ్ళలో చాలామంది మగవాళ్ళు. కోడళ్ళుగా బతికిన ఆడవాళ్ళు ఈ మాట ఇంత ధీమాగా అనరు.

మా అత్తగారికి ముగ్గురు కొడుకులు. మా బావగారు తాడిపత్రిలో, మా మరిది ధర్మవరంలో, మేము అనంతపురంలో. మామగారు పోయాక అత్తకు వంతులు వేశారు, ఒక్కొక్కరి దగ్గర నాలుగు నెలలు. వంతు అనే మాట చదువుతున్నవారికి కొత్తగా ఉండదు. పొలానికి నీళ్ళ వంతు ఉన్నట్టే తల్లికీ వంతు. ఆమెకు ఆకుపచ్చ రంగు రేకు ట్రంకు పెట్టె ఒకటి ఉండేది. ఆమె ఆస్తి మొత్తం అందులోనే, ఆమెతో పాటే అది కూడా బస్సు టాపు మీద మూడు ఊళ్ళూ తిరిగేది. పదకొండేళ్ళు.

ఆమెను నేను బాగా చూసుకున్నానా? చూసుకున్నాననే అందరూ అంటారు. పొద్దున్నే లేచి నీళ్ళు కాచి స్నానం చేయించి, రాగి జావ తాగించి, మధ్యాహ్నానికి సంకటి ముద్ద మూతపెట్టి, తొమ్మిదింటి బస్సు పట్టుకునేదాన్ని. ఆమెకు జబ్బు చేసినప్పుడు నా సగం జీతం సెలవులన్నీ అయిపోయాయి. ఒక్క పూట కసురుకోలేదు. కానీ వంటింటి క్యాలెండర్ మీద నాలుగో నెల చివరి తేదీని కంటితో చూసుకునేదాన్ని. గుర్తు పెట్టేదాన్ని కాదు, చూసేదాన్ని. ఆమెకు అది తెలుసు. వంతు ముగియడానికి ఒకరోజు ముందే, ఎవరూ చెప్పకుండానే, ట్రంకు పెట్టె సర్దుకుని తలవాకిలి దగ్గర పెట్టుకుని కూర్చునేది.

ఒక ఏడాది ఉగాది దాకా పల్లెలో తన ఇంట్లోనే ఉంటానని అడిగింది. ముగ్గురు కొడుకులూ మా హాల్లో కూర్చుని గంటసేపు మాట్లాడుకున్నారు. ఒంటరిగా ఎలా ఉంటుంది, పాములు, కరెంటు ఉండదు, నలుగురూ ఏమంటారు. అన్నీ సబబైన మాటలే. ఆ గంటసేపూ ఆమె వంటింట్లో నా పక్కనే చెనక్కాయలు ఒలుస్తూ ఉంది. ఆమెను లోపలికి పిలవలేదు. "అత్తా, నువ్వూ పోయి చెప్పు" అని నేనైనా అనవలసింది. అనలేదు. కాసేపటికి మా ఆయన వచ్చి, "అమ్మా, వద్దులే" అన్నారు. ఆమె "సరే నాయనా" అని పొట్టు చేటలోకి ఎత్తింది.

ఆమె ధర్మవరం వంతులో పోయింది. ట్రంకు పెట్టె నా దగ్గరకు వచ్చింది.

అందుచేత ఉమ్మడి కుటుంబం గొప్పదా, చెడ్డదా అన్న చర్చలోకి నేను వెళ్ళను. అది ఎవరి చేతుల మీద నడిచిందో నాకు తెలుసు, నా చేతులు అందులో ఉన్నాయి. ఆ చాకిరీని నా కూతురికీ కోడలికీ వారసత్వంగా ఇవ్వాలని నాకు లేదు. అంతకంటే ముఖ్యం, మా అత్త స్థానంలో కూర్చోవాలని లేదు. కొడుకులు ప్రేమగా చూసుకున్న తల్లే ఆమె. కానీ ఎక్కడ ఉండాలి అన్న ఒక్క ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు.

పోయిన వేసవిలో మూడు నెలలు బెంగళూరులో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. వాళ్ళు ఎనిమిదింటికి వెళితే రాత్రి ఏడింటికి వచ్చేవారు. పిల్లవాడు బడి నుంచి వచ్చి, "అవ్వా, ఆకలి" అనే ఆ అరగంట కోసం పగలంతా గడిచేది. ఒక రోజు ఉప్పు డబ్బా పొయ్యికి దగ్గరగా ఉంటే బాగుంటుందని తీసి కింది అరలో పెట్టాను. మరునాడు పొద్దున అది మళ్ళీ పై అరలో ఉంది. అమ్మాయి ఏమీ అనలేదు, అనుకోను కూడా లేదు. తన వంటింట్లో తన అలవాటు ప్రకారం చేయి దాన్ని అక్కడ పెట్టింది. నేను మా అత్త సర్దిన గిన్నెలను సరిగ్గా అలాగే, ఏమీ అనకుండా, తిరిగి సర్దేదాన్ని. ఆ రోజు మధ్యాహ్నం ఆ డబ్బాను చూస్తూ కూర్చున్నప్పుడే నా నిర్ణయం సగం అయిపోయింది. ప్రేమ ఉన్న ఇల్లు వేరు, ఉప్పు డబ్బా ఎక్కడ ఉండాలో మనం చెప్పగల ఇల్లు వేరు.

మా ఎదురింటి పెద్దాయన దీన్ని వానప్రస్థం అన్నారు. మెచ్చుకుంటూనే అన్నారు, కానీ ఆ మాట నాకు సరిపోదు. నేను దేన్నీ వదులుకోవడానికి వెళ్ళడం లేదు. నా పింఛను, నా రేడియో, నా పుస్తకాలు, వంకాయ పులుసు మీద నా ఇష్టం అన్నీ నాతోనే వస్తాయి. అయితే ఆయన అన్న మాట వల్ల కుంతి గుర్తుకు వచ్చింది. యుద్ధమైన పదిహేనేళ్ళకు ధృతరాష్ట్రుడు అడవికి బయలుదేరితే ఆమె కూడా బయలుదేరింది. కళ్ళకు గంతలు కట్టుకున్న గాంధారి చేతిని తన భుజం మీద ఉంచుకుని ముందు నడిచింది. ధర్మరాజు బతిమాలాడు, భీముడు బతిమాలాడు, వెనక్కి రాలేదు. ఈ కథ చెప్పినప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "కోడళ్ళు సరిగా చూడలేదా టీచర్?" అని అడిగింది. అది ధర్మం అని ఏదో చెప్పి కూర్చోబెట్టాను. ఆ పిల్ల ఇప్పుడు కనబడితే చెబుతాను: చూశారమ్మా, బాగానే చూశారు. అయినా వెళ్ళింది. ఆ రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

గంట తాడు లాగి చూశాను

అనంతపురంలో వృద్ధాశ్రమాలు ఉన్నాయి. దాతల దయతో, నడిపేవారి ఓర్పుతో నడుస్తున్నవి. దిక్కులేనివారికి అవి దిక్కు. పింఛను వచ్చే నేను అక్కడ ఒక మంచం ఆక్రమించడం తప్పు. నాకు కావలసినది డబ్బు కట్టి, నా గదికి నేను తాళం వేసుకుని, భోజనానికీ వైద్యానికీ నలుగురితో కలిసి ఉండే చోటు. అది మన జిల్లాలో నాకు దొరకలేదు. కోయంబత్తూరులో ఇలాంటివి చాలా ఉన్నాయి కానీ అంత దూరం పోలేను. చివరికి జాతీయ రహదారి మీద చిక్కబళ్ళాపురం దాటాక రెండు చోట్లు చూశాను.

చూడటానికి ముందు కొంత చదువుకున్నాను. 2019లో కేంద్ర గృహనిర్మాణ శాఖ ఇలాంటి నివాసాలకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. జారని నేల, పట్టుకోవడానికి కడ్డీలు, చక్రాల కుర్చీ పట్టే తలుపులు, అత్యవసరానికి గంట, కట్టినవారికీ నడిపేవారికీ ఉండేవారికీ మధ్య మూడు పక్షాల ఒప్పందం. నమూనా అంటే నమూనాయే, పాటించకపోతే అడిగేవారు ఉండాలని లేదు. కానీ మనం అడగవలసిన ప్రశ్నల పట్టికగా అది బాగా పనికి వచ్చింది.

మొదటి చోటు చాలా అందంగా ఉంది. తోట, గుడి, నడకదారి. ఒప్పందం ఇంటికి తెచ్చుకుని మా అబ్బాయి చేత చదివించి, నేను కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. పద్నాలుగో పేజీలో ఒక షరతు ఉంది. నివాసి ఇతరుల సాయం లేకుండా తన పనులు తాను చేసుకోలేని స్థితికి వస్తే, నెల రోజుల నోటీసుతో గది ఖాళీ చేయించే హక్కు యాజమాన్యానికి ఉంటుంది. రెండుసార్లు చదివాను. ఏ రోజు కోసం మనిషి అక్కడికి వెళుతుందో ఆ రోజునే బయటికి పంపుతారు. తోట బొమ్మలున్న పుస్తకంలో ఆ సంగతి లేదు. ఇలాంటి చోటు చూసేవారికి నేను చెప్పే మాట: ముందు వంటశాల చూడకండి, తోట చూడకండి. మతిమరుపు వస్తే ఏం చేస్తారు, మంచాన పడితే ఏం చేస్తారు, ఒప్పందంలో అది ఏ పేజీలో ఉంది, ఇవి అడగండి. నోటితో చెప్పింది వద్దు, పేజీ చూపించమనండి.

రెండో చోటు అంత అందంగా లేదు. గోడలకు రంగు వేసి చాలా రోజులైంది. కానీ కింది అంతస్తులో నర్సులుండే విభాగం ఉంది, అక్కడికి మారితే ఎంత పెరుగుతుందో అంకెతో సహా రాసి ఉంది. నన్ను ఒక ఖాళీ గది చూడమని వదిలి వెళ్ళారు. స్నానాల గదిలో నేల దాకా వేలాడే గంట తాడు ఉంది. ఎవరికీ చెప్పకుండా దాన్ని లాగి, నేల మీద కూర్చుని గడియారం చూశాను. నాలుగు నిమిషాలకు ఒక అమ్మాయి పరుగున వచ్చింది. నేను కిందనే కూర్చుని ఉండటం చూసి ఆమె ముఖం పాలిపోయింది. క్షమించమని అడిగి, ఎందుకు లాగానో చెప్పాను. "మంచి పని చేశారమ్మా, అందరూ ఇలాగే చూసుకోవాలి" అంది. నా స్నేహితురాలు తెల్లవారేదాకా పడి ఉంది. నాలుగు నిమిషాలు నాకు చాలు.

భోజనశాలలో గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసి వచ్చిన ఎనభై ఒక్క ఏళ్ళ పెద్దాయన తెలుగు వినబడగానే తన కంచం తీసుకుని మా బల్ల దగ్గరకు వచ్చారు. ఎలా ఉంటుందని అడిగాను. "వారంలో మూడు రోజులు బాగుంటుందమ్మా. రెండు రోజులు ఫర్వాలేదు. రెండు రోజులు ఇల్లు గుర్తుకు వస్తుంది. ఏడు రోజులూ బాగుంటుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు" అన్నారు. ఆయన మాట వల్లనే ఆ చోటు మీద నాకు నమ్మకం కుదిరింది.

దరఖాస్తులో ఒక గడి ఉంది, చేర్చేవారి పేరు, సంబంధం అని. అందులో నా పేరు రాసి, సంబంధం దగ్గర 'నేనే' అని రాశాను. రెండు రోజుల తరువాత ఆఫీసు అమ్మాయి ఫోను చేసి, "ఇక్కడ మీ అబ్బాయి పేరు రావాలమ్మా" అంది. అత్యవసరానికి ఎవరికి చెప్పాలో ఆ గడిలో అబ్బాయి, అమ్మాయి ఇద్దరి పేర్లూ ఉన్నాయి కదా అన్నాను. చాలాసేపు మాట్లాడాక సరే అంది. కంప్యూటరులో ఏం ఎక్కించిందో తెలియదు. కాగితం మీద మాత్రం నా పేరే ఉంది.

నాకు జవాబు దొరకనివి

ఇంట్లోనే ఒక మనిషిని పెట్టుకుని ఉండవచ్చు కదా అని అంటారు. కంటి ఆపరేషను అయినప్పుడు అదీ చూశాను. రెండు నెలల్లో ముగ్గురు మారారు. ప్రతి మార్పుకూ బెంగళూరులో మా అమ్మాయి ఆఫీసులో కూర్చుని ఫోన్లు చేసింది. ఇల్లు నాదే, కానీ దాన్ని నడిపే భారం ఆమె నెత్తి మీదే.

అంతకంటే బరువైన ప్రశ్న మా ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నామె వేసింది. బుక్కరాయసముద్రం నుంచి ఆటోలో వస్తుంది. నాకంటే చిన్నది, కానీ మోకాళ్ళు నాకంటే ముందే అరిగాయి. నేను చేరడం, చేర్చడం అని ఆమెకు కూడా వివరించబోయాను. అంట్లు తోముతూ విని, "నాకు చేరేదెక్కడుందమ్మా, పడిపోతే పడిన చోటే" అంది. ఫిర్యాదుగా అనలేదు.

ఆమెకు నెలకు 4,000 రూపాయల పింఛను వస్తుంది, ఒకటో తేదీన గ్రామ సచివాలయం వాళ్ళు ఇంటికే తెచ్చి ఇస్తారు. అది చిన్న సంగతి కాదు, ఆ డబ్బు వల్ల కోడలి దగ్గర ఆమె మాటకు విలువ పెరిగిందని ఆమే చెప్పింది. కానీ నేను వెళ్ళే చోట ఒక్క నెలకు అయ్యే 32,000 ఆమెకు ఎనిమిది నెలల పింఛను. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో ఎదుట అర్జీ పెట్టుకోవచ్చు, నెలకు 10,000 రూపాయల దాకా భృతి ఇప్పించవచ్చు. అదే చట్టం పందొమ్మిదో సెక్షనులో, జిల్లాకు కనీసం ఒకటి చొప్పున మొదలుపెట్టి, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు ఉండగల ఆశ్రమాలను రాష్ట్రాలు ఏర్పాటు చేయవచ్చు అని ఉంది. 'చేయాలి' అని కాదు, 'చేయవచ్చు' అని. తెలుగు టీచరుగా ఆ క్రియ దగ్గర నేను ఆగిపోయాను. పిల్లలు చూడాలి, ప్రభుత్వం కట్టవచ్చు.

నా వాదన పింఛను ఉన్నవాళ్ళ వాదన అని ఎవరైనా అంటే నేను కాదనలేను. నిర్ణయం తీసుకోవడం తెలియక కాదు, తీసుకోవడానికి ఎదుట రెండు దారులు లేక చాలామంది 'చేర్చబడతారు', లేదా ఎక్కడా చేరకుండానే పోతారు. ఇది తెలిసి కూడా వెళుతున్నాను. ఆమెకు నేను చేయగలిగింది చేస్తున్నాను, అది ఇక్కడ రాయను.

ఇంకొకటి ఉంది. అక్కడ పిల్లల చప్పుడు లేదు. రెండు పూటలు ఉండి చూశాను, పగలు ఏ వేళలోనూ పిల్లల గొంతు వినబడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ చప్పుడు మధ్య బతికాను. ఇప్పటికీ మా వీధి మలుపులో బడి విడిచే గంటకు అప్రయత్నంగా గేటు దగ్గరకు వస్తాను. అందరూ పెద్దవాళ్ళే ఉన్న చోట, నెలకో రెండు నెలలకో ఒకసారి నోటీసు బోర్డు మీద ఒక ఫోటో పెట్టే చోట, మనసు ఎలా ఉంటుందో నేను ఊహించలేకపోతున్నాను. దీనికి నా దగ్గర వాదన లేదు. వెళ్ళి చూడటమే. అందుకే మొదటి మూడు నెలలు ప్రయత్నంగా ఉంటానని రాయించుకున్నాను. ఇల్లు అమ్మడం లేదు, ఏడాదికి అద్దెకు ఇస్తున్నాను. పిల్లల పేరున ఇప్పుడే రాసివ్వడం కూడా లేదు. పిల్లల మీద అనుమానం వల్ల కాదు, తిరిగి రావాలనిపిస్తే వచ్చే చోటు నాదై ఉండాలని. వాళ్ళిద్దరికీ ఈ మాట ముఖాముఖి చెప్పాను.

పిల్లలు

అమ్మాయికి కోపం వచ్చింది. "మా అత్తగారి ముందు నేను తల ఎత్తుకోగలనా అమ్మా? నా ఇంటికి గంట దూరంలో నువ్వు ఎవరో పరాయివాళ్ళ మధ్య ఉంటే నన్నేమంటారు?" అంది. ఉప్పు డబ్బా సంగతి ఆమెకు చెప్పలేదు, చెబితే బాధపడుతుంది, ఇక్కడ చదివితే కూడా పడుతుంది. అయినా రాశాను. పరువు గురించి ఆమె అన్నది తేలిక మాట కాదు. నిర్ణయం నాదే అయినా దాని మాట పడేది పిల్లలే. గృహప్రవేశంలో ఆ ఆవిడ 'చేరుస్తున్నారు' అన్నప్పుడు ఆ నింద పడింది నా మీద కాదు. అందుకే పోయిన వారం మా అమ్మాయి అత్తగారికి నేనే ఫోను చేసి, "వదినా, ఇది నా కోరిక, పిల్లలిద్దరూ వద్దన్నారు" అని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "అక్కడ నెలకు ఎంత అవుతుంది వదినా?" అని అడిగింది.

అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. వాడు మొదటి నుంచీ తక్కువ మాట్లాడతాడు. ఒప్పందం చదివి, పద్నాలుగో పేజీ లాంటివి ఏమైనా ఉన్నాయేమో చూసి, బాగుందమ్మా అన్నాడు. కోడలు పక్క నుంచి, "అత్తయ్యా, మిక్సీ తీసుకువెళ్ళనిస్తారా?" అని అడిగింది. అంతే అనుకున్నాను. పదకొండు రోజుల తరువాత రాత్రి పదింటికి ఫోను చేశాడు. ఆ వేళప్పుడు వాడు ఎప్పుడూ చేయడు. ఏమిటి నాయనా అంటే, ఏమీ లేదమ్మా అన్నాడు. తరువాత, "అక్కడ నేను వస్తే పడుకోవడానికి చోటు ఉంటుందా?" అని అడిగాడు.

నేను గంట తాడు చూశాను, మెట్లు లెక్కపెట్టాను, ఒప్పందంలో కామా కూడా వదలకుండా చదివాను. ఇది అడగడం మరిచిపోయాను. కనుక్కుని చెబుతానన్నాను.

మరునాడు కనుక్కున్నాను. అతిథి గదులు రెండు ఉన్నాయట. మూడు రోజుల ముందు చెప్పాలి. కావాలంటే నా గదిలోనే ఒక పరుపు వేస్తారట. పరుపు చాలన్నాను. ఇప్పుడు మా అత్త ట్రంకు పెట్టెలో అడుగున రెండు దుప్పట్లు, ఒక దిండు గలేబు, వాడు చిన్నప్పటి నుంచి కప్పుకునే గళ్ళ రగ్గు పెట్టాను. నా దీపపు కుంది వాటి మీద, నూనె అంటకుండా పేపరులో చుట్టి.